గాలి వినపడని ఇల్లు

పోయిన వారం గుడివాడలో మా ఇంటికి కిటికీల మేస్త్రీ వచ్చాడు. వానలు పట్టేలోపు చట్రాలకీ గోడలకీ మధ్య సందులు మూయించాలని మా ఆయనే పిలిపించారు. మేస్త్రీ సిలికాన్ జిగురు ట్యూబు మూతిని బ్లేడుతో ఏటవాలుగా కోసి, గన్నులో బిగించి ఒకసారి నొక్కాడు. తెల్లటి జిగురు సన్నగా బయటికొచ్చింది. దానితోపాటు వెనిగర్ లాంటి ఘాటు వాసన గదంతా కమ్మింది. చేతిలో టీ గ్లాసు గట్టుమీద పెట్టేసి నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

"వాసన పడదాండీ?" అని మేస్త్రీ వెనక నుంచి అడిగాడు.

"పడదు బాబూ. మీరు కానివ్వండి. ఆ పైనున్న వెంటిలేటర్ మాత్రం ముట్టుకోకండి" అన్నాను.

బందరులో మేం అద్దెకున్న ఇంట్లో ప్రతి శనివారం ఆ వాసన వచ్చేది. ఆ ఇంటావిడ పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ చేతుల దగ్గర, చీర కొంగు దగ్గర, ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు కూడా కాస్త ఆ వాసనే ఉండేది.

ఆవిడ స్కూల్లో కుట్టు టీచరుగా చేసి, గడువుకి ముందే రిటైర్మెంటు తీసుకున్నారు. వీధంతా టీచరమ్మగారు అనేది. నేను పిన్నిగారు అనేదాన్ని. భర్త పోయారు, పిల్లలు లేరు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డు పనివాళ్ళ ఇళ్ళు దాటాక, సముద్రం వైపు వెళ్ళే రోడ్డులో పాతకాలపు పెంకుటిల్లు ఆవిడది. ముందు భాగంలో ఆవిడ, వెనక భాగంలో మేము. ఉప్పుగాలికి సున్నం నిలవడం లేదని ఆవిడ మామగారి కాలంలో తూర్పు గోడకి బయటివైపు పైనుంచి కిందదాకా చెక్క పలకలు కొట్టించారట. పలకల అంచుల్లో, కిటికీల చుట్టూ సన్నటి పట్టీలు. ఎండకి ఆ చెక్క ముడుచుకునేది, వానకి ఉబ్బేది. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట కొత్త సందు పడేది. తూర్పుగాలి వీస్తే గోడ ఈల వేసేది.

ఆ ఈల మాకు తొందరగానే అలవాటైపోయింది. పిన్నిగారికి మాత్రం ఎన్నాళ్ళకీ అలవాటు కాలేదు.

శనివారం పొద్దున్నే చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేవారు. యాభై దగ్గర పడుతున్న మనిషి. మా ఆయన ఎదురెళ్ళి పట్టుకోబోతే, "మీరు కదిలిస్తే నాకు కుదురు ఉండదు, వెళ్ళండి బాబూ" అని తరిమేసేవారు. ముందు విరిగిన రంపపు బ్లేడుతో పాత లప్పం గీకేవారు. వెడల్పు సందైతే గోనెపీచు మెలిపెట్టి లోపలికి కుక్కేవారు. దానిమీద జిగురు గీత గీసి, ఉంగరపు వేలు సబ్బునీళ్ళలో ముంచి, ఆ గీత పొడవునా ఎత్తకుండా లాగేవారు. లాగినంతసేపూ ఊపిరి బిగబట్టేవారు. గీత పూర్తయ్యాక కిందకి చూసి, వదిలేవారు. నేను కింద నిలబడి ఉంటే నాకు కూడా తెలియకుండానే ఊపిరి ఆగిపోయేది.

తర్వాత పరీక్ష. దోమల కాయిల్ వెలిగించి, ఇంటిలోపల గోడ వెంబడి, కిటికీ అంచుల వెంబడి మెల్లగా నడిచేవారు. పొగ నిటారుగా లేస్తే తలూపేవారు. ఎక్కడైనా పక్కకి వంగితే ఆగిపోయేవారు.

"చూశావా, ఇది కొత్తది. మొన్న లేదు" అనేవారు, ఎవరో అపరిచితుడు గుమ్మంలో కనబడినట్టు గొంతు తగ్గించి. "మనం ఒకటి మూస్తే అది ఇంకోటి వెతుక్కుంటుందమ్మాయ్."

"ఏది పిన్నిగారూ?"

ఆవిడ సుద్దముక్కతో అక్కడ గుర్తు పెట్టి ముందుకు వెళ్ళిపోయేవారు.

ఎందుకింత అవస్థ అని ఎవరడిగినా ఆవిడ దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. పాలబ్బాయికి పాములని చెప్పేవారు. ఎదురింటివాళ్ళకి దుమ్మని చెప్పేవారు. చర్చి పాస్టరుగారు అడిగితే ఉప్పుగాలికి కుట్టు మిషను తుప్పు పడుతోందన్నారు. అన్నీ నమ్మదగ్గ కారణాలే. అందుకే ఎవరూ రెండోసారి అడిగేవారు కాదు.

నాకు అయిదో నెల ఉన్నప్పుడు నిజం చెప్పారు. ఆ రోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఆవిడ తూర్పు గోడ దగ్గర పీట వేసుకుని, నేలకీ మొదటి పలకకీ మధ్య సందు పూడుస్తున్నారు. నేనేమీ అడగలేదు. ఆవిడే మొదలుపెట్టారు.

"మాది నాగాయలంక అవతల. ఉప్పెన వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. నీళ్ళు ఒక్కసారిగా వచ్చాయని అంటారు చూడు, మా ఇంటికి అలా రాలేదు. ముందు తలుపు కింద నుంచి సన్నగా వచ్చాయి. మా అమ్మ దుప్పటి కుక్కింది. నాన్న పంచె విప్పి కుక్కాడు. ఆగాయి."

"ఆగాయా!"

"ఆగాయి. కాసేపు. మా నాన్న నవ్వాడు కూడా. నేనైతే సముద్రం వెనక్కి వెళ్ళిపోయిందనే అనుకున్నాను." సబ్బునీళ్ళలో వేలు ముంచారు. "తర్వాత తలుపే వచ్చేసింది."

ఆ మాట చెప్పి, ఊపిరి బిగబట్టి గీత పూర్తి చేశారు. నా చేతిలో తడిచీర నీళ్ళు కారుతూనే ఉంది. ఆవిడ తరఫు వాళ్ళలో ఆ రోజు తర్వాత ఒక్క మేనమామే మిగిలాడనీ, ఆయనే పెంచి చదివించాడనీ తర్వాతెప్పుడో ఎదురింటావిడ చెప్పింది.

నేను పుట్టింటికి వెళ్ళి కనే వీలు లేదు. మా అమ్మ అంతకుముందే పోయింది. అత్తగారు తుంటి ఎముక విరిగి మంచంమీద ఉన్నారు. మా ఆయనది కరెంటు డిపార్టుమెంటు, డ్యూటీ నాగాయలంకలో. వారంలో సగం రోజులు అక్కడే. అందుకని పురుడు బందరులోనే అయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి పిన్నిగారు పక్క సర్ది, వేడినీళ్ళు కాచి, పాత మెత్తటి చీరలు చింపి అంచులు కుట్టి దొంతరగా పెట్టారు. కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళమీద బోర్లా వేసుకుని నీళ్ళు పోసేవారు. పిల్ల గుక్కపెట్టి ఏడిస్తే, "ఏడువు తల్లీ, బాగా ఏడువు, వీధి చివరిదాకా వినపడాలి" అని సంబరపడేవారు.

పిల్ల వచ్చాక శనివారాల పని రోజువారీ పని అయింది. చంటిదానికి గాలి తగలకూడదని మా వైపు కిటికీలు కూడా మొదలుపెట్టారు. చట్రాల చుట్టూ పట్టీలు కొట్టి, పట్టీల అంచులు జిగురుతో మూశారు. వంటింటి పొగగూడుకి రేకు ముక్క బిగించారు. తలుపు రెక్కల మధ్య గుడ్డ కుట్టి అతికించారు. వద్దనడానికి నాకు ఏ కారణమూ కనబడలేదు. ఇల్లు నిజంగానే వెచ్చగా, పొందికగా ఉండేది. ఒకటే తేడా, మధ్యగదిలో కాయిల్ వెలిగిస్తే పొగ ఎటూ వంగకుండా నిటారుగా లేచి, దూలాల దగ్గర అలాగే నిలబడిపోయేది.

పిల్లకి ఇంకా పేరు పెట్టలేదు. అప్పుడు తుఫాను కబురు వచ్చింది.

ముందురోజు నుంచే మైకు పెట్టిన ఆటో వీధుల్లో తిరుగుతోంది. ఆకాశం పండిన నిమ్మకాయ రంగులోకి మారింది. గాలి లేదు. కొబ్బరాకు కదలడం లేదు. కాకులు ఎక్కడా కనబడలేదు. మునిసిపాలిటీ నుంచి వచ్చిన అమ్మాయి స్కూలు భవనానికి వచ్చెయ్యమంది. పిన్నిగారు నన్ను గుమ్మం దాటనివ్వలేదు.

"పురిటి పిల్లని తీసుకుని ఆ జనంలోకి, ఆ తడిలోకి ఎలా వస్తుందమ్మా? ఇది ఇటుక గోడ. ఏమీ కాదు."

మా ఆయన ఫోనులో అదే అన్నారు. "లైన్లు ఆపేదాకా నేను కదలలేను. పిన్నిగారు ఉన్నారుగా, ఆవిడ చెప్పినట్టు చెయ్యి."

మర్నాడు పొద్దున మొదట చినుకులు, తర్వాత గాలి. మధ్యాహ్నానికి పట్టపగలే దీపం పెట్టుకోవాల్సినంత చీకటి కమ్మింది. కరెంటు పోయింది, ఫోను పోయింది. పిన్నిగారు తన భాగం తాళం వేసి, మా మధ్యగదిలోకి వచ్చేశారు. తెచ్చినవి గన్ను, రెండు ట్యూబులు, గోనెసంచి, బైబిలు, బొగ్గుల ఇస్త్రీపెట్టె, కుంపటి. ఇస్త్రీపెట్టెని తలుపుకి ఆనించి పెట్టారు. గోనెసంచి తడిపి తలుపు కింద కుక్కారు. స్టూలెక్కి గదికి మిగిలిన ఒకే ఒక్క వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డుపెట్టి చుట్టూ జిగురు గీశారు. వేలితో లాగి, ఊపిరి వదిలి, స్టూలు దిగారు.

గాలి చప్పుడు మెల్లగా దూరం జరిగింది. బయట పెంకులు లేచిపోతున్నాయని తెలుస్తూనే ఉంది, అదంతా పక్క ఊళ్ళో జరుగుతున్నట్టు ఉంది.

"వినపడుతోందా?" అని అడిగారు.

"ఏమిటండీ?"

"అదే. ఏమీ వినపడటం లేదు." ఆవిడ మొహంలో అలాంటి వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఒక్క క్షణం చిన్నపిల్లలా కనబడ్డారు.

పిల్ల గుడ్డలు ఒక్కటీ ఆరలేదు. గది చెమ్మగా, చల్లగా ఉంది. పిల్ల పాదాలు మంచుముక్కల్లా ఉన్నాయి. పిన్నిగారు కుంపటిలో బొగ్గులు రాజేసి, బాగా ఎర్రబడ్డాక మంచం పక్కకి జరిపారు. దానిమీద వెదురు తట్ట బోర్లించి పిల్ల గుడ్డలు పరిచారు. బాలింత గదిలో కుంపటి ఉండటం మా ఇళ్ళలో ఎవరికీ వింత కాదు. పొగ కూడా లేదు, నిప్పు చక్కగా కణకణలాడుతోంది. ఆవిడ నేలమీద చాప వేసుకుని గోడకి ఆనుకున్నారు. కాసేపు ప్రార్థన చేసుకున్నారు. పిల్ల పాలు తాగి పడుకుంది.

నాకు తలనొప్పి మొదలైంది. పురుటి నీరసం అనుకున్నాను. కణతల దగ్గర ఎవరో బిగించి కట్టినట్టు ఉంది. కడుపులో తిప్పింది. మంచినీళ్ళు అడుగుదామని నోరు తెరిచాను గానీ, మాట బయటికి వచ్చేలోపే ఎందుకు తెరిచానో మర్చిపోయాను. పిన్నిగారి తల పక్కకి వాలి ఉంది. ఎంత బాగా నిద్రపోతున్నారో అనుకున్నాను. నాకు గుర్తున్నది అంతే.

తర్వాత నాకు తెలిసింది మొహంమీద సూదుల్లా గుచ్చుకుంటున్న వాన. నేను వరండాలో వెల్లకిలా పడి ఉన్నాను. వరండా పైకప్పు లేదు. చెక్క పలకలు తూర్పు గోడ నుంచి ఒక్కొక్కటీ ఊడి, పెరడు మీదుగా ఎగిరిపోతున్నాయి. ఎవరో కేకలు పెడుతున్నారు. ఆ గొంతు పిన్నిగారిది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం అంతకుముందు నేను వినలేదు.

"ఏడువే! ఏడువు! ఏడువు!"

పిల్లని వానలో ఒక చేతిమీద పడుకోబెట్టుకుని, రెండో చేత్తో వీపు మీద రుద్దుతూ, అరికాళ్ళు గిల్లుతూ, మళ్ళీ మళ్ళీ అదే మాట. నేను మోచేతుల మీద పాక్కుంటూ అక్కడిదాకా వెళ్ళాను. పిల్ల మెడ వాలిపోయి ఉంది. నిద్రపోతున్న పిల్లలాగే ఉంది. అదే చూసి నాకు ఎక్కువ భయం వేసింది. నేను పిల్ల పాదం పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. ముందు ఒక వెక్కిలి లాంటిది వచ్చింది. తర్వాత సన్నటి కీచు. ఆ తర్వాత ఏడుపు. పిన్నిగారు నేలమీద కూలబడి, పిల్లని నా ఒళ్ళోకి తోసేసి, రెండు చేతులూ తన వెనక్కి పెట్టేసుకున్నారు. ఆ చేతుల నుంచి రక్తం కారుతోంది.

ఏం జరిగిందో ముక్కలుముక్కలుగా తెలిసింది. ఆవిడకి మెలకువ వచ్చేసరికి కాళ్ళు నిలబడలేదట. పాక్కుంటూ తలుపు దగ్గరికి వెళ్తే, తడికి ఉబ్బిన రెక్కలు, మధ్యలో కుట్టిన గుడ్డ, కింద కుక్కిన గోనె, అన్నీ కలిసి బిగుసుకుపోయాయి. ఇస్త్రీపెట్టె అందుకుని కిటికీ అద్దాలు పగలగొట్టారు. పిల్లని ఎత్తి ఊచలకి ఆనించి పట్టుకుని, గాజుపెంకుల మీదే నిలబడ్డారు. గాలి లోపలికి దూరి వెంటిలేటర్ అట్ట పీకేసింది, వంటింటి పెంకులు లేపేసింది. ఆ తర్వాత తలుపుని కాళ్ళతో తన్ని తన్ని తెరిచి నన్ను బయటికి ఈడ్చారు.

గాలి తగ్గాక ఎదురింటివాళ్ళ సాయంతో ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరుగారు పిల్లని చాలాసేపు పరీక్ష చేశారు.

"మూసిన గదిలో బొగ్గులు పెట్టారా? అందులోంచి వచ్చే విషవాయువుకి రంగూ వాసనా ఉండవమ్మా. నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. ఇంకాస్త ఆలస్యమైతే ముగ్గురూ లేచేవాళ్ళు కాదు" అన్నారు.

పిన్నిగారు తలుపు దగ్గర నిలబడి ఆ మాట విన్నారు. చేతులకి కట్లు కట్టించుకుని, మాతో రిక్షా ఎక్కకుండా, నడిచే ఇంటికి వెళ్ళారు.

కట్లు విప్పక ముందే మళ్ళీ రంపపు బ్లేడు పట్టుకున్నారు. ఈసారి జిగురు గీతల్ని ఒక్కొక్కటిగా కోసేశారు. కుక్కిన గోనెపీచు కొంకితో బయటికి లాగారు. పట్టీలు ఊడబెరికారు. ఎగిరిపోగా మిగిలిన పలకలు తానే పీకి పెరట్లో పోగు వేశారు. మా ఆయన వచ్చి, "పిన్నిగారూ, మీ తప్పేముంది ఇందులో, మీరే కదా బతికించింది" అని ఎంతో చెప్పి చూశారు. తలూపారు, పని ఆపలేదు. తూర్పు గోడ మీద వాన నేరుగా పడి ఇటుకలు బయటపడ్డాయి. గోడ ఈల వెయ్యడం మానేసింది. ఈల వెయ్యడానికి సందులే మిగల్లేదు, అంతా తెరిచేసి ఉంది.

పిల్లని మళ్ళీ ఎత్తుకోలేదు. నేను అందించబోతే, "నా చేతికివ్వకమ్మాయ్" అనేవారు. నీళ్ళు పొయ్యమంటే గుమ్మం అవతల నిలబడి ఎలా పొయ్యాలో చెప్పేవారు. ఏడిస్తే మాత్రం, ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా, ఆగి చివరిదాకా వినేవారు.

కొన్ని నెలలకి మా ఆయనకి గుడివాడ బదిలీ అయింది. ఆవిడ ఇల్లు అమ్మేసి అవనిగడ్డలో మేనమామ కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని విన్నాం. అప్పుడప్పుడు ఫోను చేస్తే పొడిగా మాట్లాడేవారు. పిల్ల సంగతి అడిగేవారు కాదు. చెప్తే వినేవారు.

ఆవిడ పోవడానికి కొన్నాళ్ళ ముందు మేం అవనిగడ్డలో ఒక పెళ్ళికి వెళ్ళాం. నేను పిల్లని వెంటబెట్టుకుని ఆవిడని చూడటానికి వెళ్ళాను. పిల్లది అప్పటికి హైస్కూలు. వాళ్ళ నాన్న వీధి చివర బండి ఆపుకుని ఉంటే, ఒకసారి పలకరించి, మళ్ళీ బయటికి పరిగెత్తింది. పిన్నిగారు వరండాలో నవారు మంచంమీద ఉన్నారు. బాగా చిక్కిపోయారు. గది ఉండి కూడా వరండాలోనే పడుకుంటున్నారనీ, వాన జల్లు కొట్టినా లోపలికి రావడం లేదనీ మేనమామ కూతురు గొడవ పెట్టింది.

మేమిద్దరమే ఉన్నప్పుడు, "ఆ రోజు నీకేమైనా గుర్తుందా?" అని అడిగారు. అన్నేళ్ళలో ఆ ప్రస్తావన ఆవిడ తేవడం అదే మొదటిసారి.

"తలనొప్పి గుర్తుందండీ. తర్వాత ఏమీ లేదు."

"నాకుంది. నిద్ర గుర్తుంది." ఆవిడ నావైపు చూడలేదు. "ఉప్పెన తర్వాత గాలి చప్పుడు చెవిలో లేకుండా నేను పడుకున్నది ఆ ఒక్కసారే. ఎంత హాయిగా ఉందో చెప్తే నువ్వు భయపడతావు. లేవాలనిపించలేదమ్మాయ్."

"మరి ఎలా లేచారు?" అన్నాను.

"చంటిది కదలటం లేదు, మూలగటం లేదు. ఆ గదిలో ఎక్కడా ఏ చప్పుడూ లేదు. ఉప్పెన రాత్రి మా తమ్ముడు నా చంకలో ఉండగానే ఏడుపు ఆపాడు. నిద్రపోయాడని సంతోషించాను, తెల్లారేదాకా. ఆ గదిలోనూ అదే నిశ్శబ్దం. అంతకాలం దానికోసమే కదా ఇల్లంతా మూసుకుంటూ వచ్చాను."

ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. అరచేతిలో గాజు కోసిన గాట్లు గట్టిపడి, చారలై ఉన్నాయి.

అంతలో వీధిలోంచి మా అమ్మాయి, "అమ్మా! నాన్న రమ్మంటున్నారు!" అని అరిచింది. నేను పలకబోతే పిన్నిగారు నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"వెంటనే పలక్కు. ఇంకోసారి పిలవనీ" అన్నారు.

నేను ఆగాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. పిల్ల ఈసారి విసుగ్గా, వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా, "అమ్మా!" అని పిలిచింది.